పాత ఎక్స్‌బాక్స్ లైవ్‌లో బెస్ట్ మల్టీప్లేయర్ గేమ్స్ ఏవి, ఇప్పుడు ఆడొచ్చా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: మీ బాబాయి అమెరికా నుంచి వచ్చేసేటప్పుడు తెచ్చిన నల్ల ఎక్స్‌బాక్స్ అటక మీద దొరికింది, మెనూలో ఎక్స్‌బాక్స్ లైవ్ అని ఉందంట కానీ బాబాయి అది పని చెయ్యదురా అంటున్నాడు, అసలు అప్పట్లో దాంట్లో జనం ఏం ఆడేవాళ్ళు, ఇప్పుడు ఏమన్నా ఆడొచ్చా అని.

ముందు సమాధానం చెప్పేస్తా. అందరూ ఆడింది హేలో 2 అనే తుపాకుల ఆట. నాకు మాత్రం అంతకంటే ఇష్టమైనవి మూడున్నాయి, స్ప్లింటర్ సెల్ పాండోరా టుమారోలో స్పైస్ వర్సెస్ మెర్క్స్, ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ 2లో క్యాట్ అండ్ మౌస్, క్రిమ్సన్ స్కైస్. ఇంటర్నెట్‌లో జనాన్ని కలిపి ఆడించే ఆ లైవ్ సర్వీసుని 2010 ఏప్రిల్ 15న పాత ఎక్స్‌బాక్స్ గేమ్స్ అన్నిటికీ ఆపేశారు, అది మళ్ళీ రాదు. కానీ ఫ్యాన్స్ నడిపే ఇన్సిగ్నియా అనే సర్వీసు ఉంది, ఎక్స్‌లింక్ కాయ్ అనే ఇంకో దారి ఉంది. కాబట్టి ఆడొచ్చు. కాకపోతే జనం ముందే టైమ్ అనుకుని వస్తేనే ఆట.

ఇంకో మాట, ఇది చదివాకే మిగతాది చదువు. ఆ బాక్స్‌ని ఇంట్లో ప్లగ్గుకి డైరెక్టుగా పెట్టకు. ఇంకా పెట్టలేదనే అనుకుంటున్నా. అమెరికా పీస్ లోపలి పవర్ సప్లై 110 వోల్టులది, మన దగ్గర 230. నాది 2011లో తెనాలి తీసుకెళ్తే, నేను స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో మా పిన్ని కొడుకు ముచ్చటపడి గోడకి పెట్టాడు. టప్ అని ఒక సౌండు, కాలిన వాసన, వాడి మొహం చూడాలి. 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొను, 300 వాట్స్‌ది చాలు, ఎలక్ట్రికల్ షాపులో ఎక్కడైనా దొరుకుతుంది. మిగతా రిపేరు సంగతి చివర్లో చెప్తా.

నేనెవర్ని అంటావేమో, 2003 ఫాల్‌లో ఎమ్మెస్‌కి టెక్సాస్ వెళ్ళాను, రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం. 2004 డిసెంబర్లో నలుగురం తలా కొంచెం వేసుకుని ఎక్స్‌బాక్స్ కొన్నాం, అప్పుడు 149 డాలర్లు. ఆ నెల కిరాణా మొత్తం పప్పు, గుడ్లు, పచ్చడి. ఉద్యోగం వచ్చాక నాకంటూ ఒకటి కొనుక్కున్నా, లైవ్ మూసేదాకా ఆడా, ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో చచ్చిన బాక్సులు కొని బాగుచెయ్యడం పిచ్చి పట్టింది, ఇప్పటికీ ఆదివారాలు అదే పని.

లైవ్ ఎందుకంత స్పెషల్ అంటే, అది 2002 నవంబర్ 15న మొదలైనప్పుడు స్టార్టర్ కిట్ 49.99 డాలర్లు, అందులో ఏడాది సబ్‌స్క్రిప్షన్‌తో పాటు హెడ్‌సెట్ కూడా ఇచ్చేవాళ్ళు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. మిగతా చోట్ల మైకు ఉన్నవాడు ఒకడు, లేనివాడు ఒకడు, ఇక్కడ మాత్రం గేమ్ తయారుచేసేవాళ్ళు ఎవడు దొరికినా వాడి చెవిలో హెడ్‌సెట్ ఉంటుంది అనుకుని డిజైన్ చేసేవాళ్ళు. పైగా డయలప్ లేదు, బాక్సులోనే ఈథర్‌నెట్ పోర్టు, బ్రాడ్‌బ్యాండ్ ఉంటేనే ఆట. నేను పైన చెప్పినవన్నీ ఆ గొంతు లేకపోతే సగం గేమ్స్. అందుకే ఇవాళ ఎవరైనా మైకు లేకుండా వచ్చి ఇదేంటి ఇంత చప్పగా ఉంది అంటే నేను ఒప్పుకోను.

హేలో 2 సంగతి. 2004 నవంబర్ 9న వచ్చింది, మొదటి 24 గంటల్లోనే 125 మిలియన్ డాలర్ల అమ్మకాలు. అప్పటిదాకా ఆన్‌లైన్ అంటే సర్వర్ల లిస్టు తెరిచి ఖాళీ ఎక్కడుందా అని వెతుక్కోవడమే, హేలో 2లో నువ్వూ నీ ఫ్రెండ్సూ పార్టీగా కూర్చుని టీమ్ స్లేయర్ లాంటి ఒక ఆట రకం ఎంచుకుని నొక్కితే అదే నీ లెవెల్ వాళ్ళని తెచ్చి ముందు పడేసేది. ప్రతి ప్లేలిస్టులో, అంటే ప్రతి ఆట రకంలో, 1 నుంచి 50 దాకా ర్యాంకు, నేను 28 ఎప్పుడూ దాటలేదు, పైకి పోయే కొద్దీ చీటర్లే. చీటింగ్ అంటే పెద్ద హ్యాకింగ్ ఏం అక్కర్లేదు, అప్పటి కొన్ని కేబుల్ మోడెమ్‌లకి పైన స్టాండ్‌బై బటన్ ఉండేది, హోస్ట్‌గా ఉన్నోడు, అంటే ఎవడి బాక్స్ మీద ఆట నడుస్తోందో వాడు, అది నొక్కి వదిలితే మిగతా అందరికీ స్క్రీన్ ఆగిపోయేది, వాడు మాత్రం హాయిగా నడుచుకుంటూ పోయి జెండా ఎత్తుకెళ్ళేవాడు. బూతులు తిట్టినా వాడికి వినపడవు, కనెక్షన్ ఆగి ఉంది కదా.

అయినా వదలబుద్ధయ్యేది కాదు. బీ-ఎక్స్-ఆర్ అని ఒక బటన్ల వరస ఉండేది, పిడిగుద్దు గుద్ది ఆ యానిమేషన్ పూర్తవ్వకముందే రైఫిల్‌తో తలమీద కాల్చడం. గేమ్ చేసినవాళ్ళు కావాలని పెట్టింది కాదు, బగ్, కానీ అది రానివాడు లాకౌట్ మ్యాప్‌లో అడుగు పెట్టకూడదు అన్నట్టుండేది. మా రూమ్మేట్ థీసిస్ రాయాల్సిన వారం అంతా బొటనవేలికి ప్లాస్టర్ వేసుకుని అది ప్రాక్టీస్ చేశాడు. థీసిస్ సమ్మర్‌కి పోయింది.

ఇందులో గొంతు ఎలా పనిచేసేదో చెప్తా. తెల్ల బటన్ నొక్కి మాట్లాడితే నీ టీమ్ మొత్తానికి రేడియోలో వినపడుతుంది. నొక్కకుండా మాట్లాడితే పక్కన ఎవడుంటే వాడికి, శత్రువుకి కూడా. 2005లో అనుకుంటా, జాంజిబార్ మ్యాప్, మధ్యలో పెద్ద చక్రం తిరుగుతుంటుంది చూడు అది. నేనూ రూమ్మేటూ ఒకే టీవీలో స్ప్లిట్ స్క్రీన్. వాడి వెనకాల ఎవడో వస్తున్నాడు, నేను బటన్ గిటన్ ఏం చూసుకోకుండా "ఒరేయ్ వెనక చూడరా, వెనక!" అని అరిచా. హెడ్‌సెట్‌లో ఒక గొంతు, చాలా మర్యాదగా, "తెలుగువాళ్ళా అండీ?" అంది. నేను ఠక్కున ఆగిపోయా. ఆగి "అవునండీ మీదెక్కడ" అంటుండగానే షాట్‌గన్‌తో లేపేశాడు. లేపేసి "సారీ అండీ, కాకినాడ" అన్నాడు.

ఆయన న్యూజెర్సీలో ఉండేవాడు, అప్పటికే పెళ్ళయింది, పిల్లాణ్ణి నిద్రపుచ్చి రాత్రి పదకొండు తర్వాత వచ్చేవాడు. ఐదేళ్ళు ఆడాం. మొహం చూసుకుంది ఒక్కసారే, 2008లో డాలస్‌లో వాళ్ళ బంధువుల ఇంటికి వచ్చినప్పుడు, ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. కాఫీ తాగి ఎవరిళ్ళకి వాళ్ళం పోయి రాత్రి లాగిన్ అయ్యాం, అప్పుడు మళ్ళీ మామూలే, గంటన్నర కబుర్లు.

స్పైస్ వర్సెస్ మెర్క్స్, ఇదిగో దీని గురించి అడిగితే రాత్రంతా చెప్తా. పాండోరా టుమారో 2004 మార్చిలో వచ్చింది, నలుగురే ఆట, ఇద్దరు గూఢచారులు ఇద్దరు కిరాయి సైనికులు. గూఢచారులకి బొమ్మ వెనక నుంచి కనపడుతుంది, సైనికులకి కళ్ళలోంచి. అంటే రెండు టీములూ ఆడేది రెండు వేరే గేమ్స్ అన్నమాట. గూఢచారి దగ్గర చంపే తుపాకీ లేదు, స్మోక్ గ్రెనేడ్లు, అతికించే కెమెరా, కరెంట్ షాకు ఇలాంటివే, చీకట్లో పైపులు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి డబ్బాలు నిర్వీర్యం చెయ్యాలి. సైనికుడికి తుపాకీ, మైన్లు, టార్చి, కదలిక కనిపెట్టే చూపు అన్నీ ఉన్నాయి కానీ వెనక ఏం జరుగుతుందో తెలీదు.

వెనక నుంచి వచ్చి గూఢచారి మెడ పట్టుకున్నాడనుకో, అప్పుడు ఆ ఇద్దరి మధ్యే ఒక వాయిస్ లైన్ తెరుచుకుంటుంది. నిన్ను చంపే ముందు నీ చెవిలో గుసగుసగా ఏదైనా చెప్పొచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియని వాడు, అమెరికాలో ఏ మూల నుంచో, నా మెడ పట్టుకుని చాలా నిదానంగా "గుడ్ నైట్" అన్నాడు చూడు, దయ్యం సినిమాలకి కూడా అంత ఉలిక్కిపడలేదు. లైట్లేసుకుని మళ్ళీ ఆడా. దీని మల్టీప్లేయర్ చేసింది యూబీసాఫ్ట్ అన్నెసీ స్టూడియో, ఫ్రాన్స్‌లో. తర్వాతి ఏడాది కేయాస్ థియరీలో ఇంకా మెరుగు చేశారు, జనం అదే బెస్ట్ అంటారు, నాకెందుకో మొదటిదాని చీకటే నచ్చింది. ఇందులో కొత్తవాడిగా చేరితే మాత్రం మొదటి పది ఆటలు చావడమే పని, మ్యాప్ బట్టీ కొట్టకపోతే లాభంలేదు.

పీజీఆర్ 2, అదే ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ 2 అనే కార్ల ఆట, అందులో క్యాట్ అండ్ మౌస్. ఇది గేమ్ మెనూలో ఎక్కడా ఉండదు, వెతక్కు! ప్లేయర్లే కనిపెట్టుకున్నారు. ఎనిమిది మంది, రెండు టీములు. ఒక్కో టీమ్‌లో ఒకడు మినీ కూపర్ తీసుకుంటాడు, వాడు ఎలుక. మిగతా వాళ్ళు బాగా స్పీడున్న కార్లు, వాళ్ళు పిల్లులు. ఏ టీమ్ ఎలుక ముందు గీత దాటితే ఆ టీమ్ గెలిచినట్టు, పిల్లులు ఎంత ముందొచ్చినా లెక్కలేదు. కాబట్టి పిల్లుల పని ఏంటి, మన ఎలుకని వెనకనుంచి నెట్టడం, అవతలి ఎలుకని గోడకేసి తొయ్యడం. గేమ్‌కి ఈ రూల్స్ ఏవీ తెలియవు, స్కోరు బోర్డులో అంతా తలకిందులుగా చూపిస్తుంది, ఎవరు గెలిచారో నోటిమాట మీదే నడిచేది. మోసం చేసేవాడికి బోలెడంత అవకాశం ఉన్నా ఎవడూ చేసేవాడు కాదు, చేస్తే మర్నాడు లాబీలో చోటివ్వరు. పైన హేలోలో స్టాండ్‌బై బటన్ గాళ్ళని చెప్పా కదా, అంత ర్యాంకులూ లెక్కలూ ఉన్నచోట దొంగాటలు, ఏ లెక్కా లేని చోట నిజాయితీ, అదేంటో నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఎడిన్‌బరా వీధుల్లో మా కాకినాడ ఆయన మినీలో, నేను వెనక నుంచి నెడుతూ, "నెట్టు నెట్టు, బండి ఆగిపోతోంది" అని ఆయన అరుపులు. అచ్చం సంక్రాంతికి ఊరెళ్తూ బస్సు ఆగిపోయినట్టే.

క్రిమ్సన్ స్కైస్ 2003 అక్టోబర్‌ది, 16 మంది, 1930ల నాటి ఊహాలోకంలో విమానాలు, జెప్పెలిన్లు. గాల్లో పల్టీలు కొట్టే మూవ్స్ బాగుంటాయి. కానీ మేము ఆడింది ఒకే ఒక్క మోడ్ కోసం, పేరు వైల్డ్ చికెన్. నిజంగా అదే పేరు. మ్యాప్‌లో ఒక కోడి ఉంటుంది, దాన్ని పట్టుకుని మన స్థావరానికి చేర్చాలి, అందరూ ఆ కోడి వెంటే. భీమవరంలో కోళ్ళు కొట్టుకుంటే మనుషులు చూస్తారు, ఇక్కడ కోడి కోసం పదహారుమంది మనుషులు విమానాలేసుకుని కొట్టుకునేవాళ్ళు. చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే ముందు ఇది పెట్టు, బూతు తక్కువ నవ్వు ఎక్కువ.

ఇంకా పెద్ద రోబోలతో కొట్టుకునే మెక్‌అసాల్ట్, కమాండోల ఆట రెయిన్‌బో సిక్స్ 3 కూడా ఉన్నాయి. రెయిన్‌బో సిక్స్‌లో ఒంటరిగా ఆడేటప్పుడు కంప్యూటర్ సైనికులకి మైకులో నోటితోనే ఆర్డర్లు ఇవ్వొచ్చు, మా తెలుగు ఇంగ్లీషు వాటికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఓపెన్ అంటే నిలబడి చూసేవి, మా రూమ్మేట్ అమెరికా యాస పెట్టి అరిస్తే మాత్రం వినేవి. వాడి పార్ట్‌టైమ్ కాల్ సెంటర్ ఉద్యోగం పనికొచ్చింది ఒక్క అక్కడే. స్టీల్ బెటాలియన్ అని 40 బటన్ల కంట్రోలర్‌తో ఒకటి వచ్చింది, అది కొనే స్తోమత మాకు లేదు, షాపు అద్దంలోంచి చూసి వచ్చేవాళ్ళం.

మూసేసిన సంగతి కూడా అడిగావు కాబట్టి చెప్తున్నా. 2010 ఫిబ్రవరి మొదట్లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, లైవ్‌లో తేవాలనుకుంటున్న కొత్త మార్పులకి పాత ఎక్స్‌బాక్స్ అడ్డం వస్తోందని. ఫ్రెండ్స్ లిస్ట్ 100 దాటకపోవడానికి కారణం మన బాక్సే, అది పోతే పెంచుతారు అని అందరం అనుకున్నాం. పోయింది, తర్వాత వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో మాత్రం ఆ తర్వాత కూడా లిమిట్ 100 దగ్గరే ఉండిపోయింది. సరే.

ఏప్రిల్ 14 రాత్రి నేనూ కాకినాడ ఆయనా ఇంకా ఆరేడుగురూ జాంజిబార్‌లోనే ఉన్నాం. మొదట రెండు ఆటలు మామూలుగా ఆడాం, మూడోదాంట్లో ఎవడూ కాల్చట్లేదు, అందరూ వెళ్ళి ఆ చక్రం ఎక్కి కూర్చున్నారు, అది తిరుగుతుంటే ఒక్కొక్కడూ కింద పడిపోవడం మళ్ళీ ఎక్కడం. ఎవడో మిన్నెసోటా కుర్రాడు గిటార్ వాయించాడు, మైకు దరిద్రంగా ఉంది, గీరినట్టు వినపడింది. ఒంటిగంట అయింది, పొద్దున ఆఫీసు, నేను గుడ్‌నైట్ చెప్పి ఆఫ్ చేసి పడుకున్నా.

అదే నేను చేసిన తప్పు. హేలో 2లో ఆట నడిచేది కంపెనీ సర్వర్ మీద కాదు, ఆడేవాళ్ళలో ఒకడి బాక్సే హోస్ట్. లైవ్ చేసే పని లాగిన్ చేయించడం, జనాన్ని కలపడం. అంటే మూసేసే టైమ్‌కి ఆల్రెడీ లోపల ఉన్నవాళ్ళని ఎవరూ తొయ్యలేదు, బాక్స్ ఆపకుండా ఉంటే ఆట నడుస్తూనే ఉంది. కొంతమంది అలాగే ఉండిపోయారు, బాక్సులు వేడెక్కి ఒక్కొక్కటీ ఆగిపోతుంటే ఒక్కొక్కరూ రాలిపోయారు, చివరి మనిషి పడిపోయింది మే రెండో వారంలో. దాదాపు 26 రోజులు! బాక్స్ ఆపకపోతే చాలన్న ముక్క నాకు ఏప్రిల్ 15 మధ్యాహ్నం ఆఫీసులో తెలిసింది. ఇంటికెళ్ళి ఆన్ చేస్తే ఏముంది, సైన్ ఇన్ ఫెయిల్.

ఇప్పుడు నీ బాక్స్ సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక కూడా ముందు మూత తీసి చూడు. మదర్‌బోర్డు మీద గడియారానికి కరెంట్ నిలిపే కెపాసిటర్ ఒకటి ఉంటుంది, ఎక్కువ మోడళ్ళలో అది కారిపోయి బోర్డుని తినేస్తుంది. చివరి 1.6 రివిజన్‌లో వేరే రకం వేశారు, అది మామూలుగా కారదు. మిగతా వాటిలో పీకెయ్యడమే, పీకితే ఏం కాదు, ప్లగ్ తీసినప్పుడల్లా టైమ్ మళ్ళీ సెట్ చేసుకోవాలి అంతే. ఆ చుట్టూ తుప్పులాంటి మరక ఉంటే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి తుడువు. డిస్క్ ట్రే సగం వచ్చి ఆగిపోతే లోపల చిన్న రబ్బరు బెల్టు వదులైపోయి ఉంటుంది, కొత్తది వేస్తే సరి, ఆత్రంగా లాగకు.

ఆన్‌లైన్‌కి రెండు దారులన్నా కదా. ఎక్స్‌లింక్ కాయ్ అంటే, పక్కపక్క బాక్సుల్ని వైరుతో కలిపి ఆడే సిస్టమ్ లింక్ ఉంది చూడు, దాన్ని ఇంటర్నెట్ మీద సాగదీసి నీ బాక్స్‌ని మోసం చేస్తుంది, అవతలి వాడు పక్కగదిలో ఉన్నాడనుకుంటుంది. దీనికి ఇంట్లో ఒక పీసీ కూడా నడుస్తూ ఉండాలి, గేమ్‌కి సిస్టమ్ లింక్ ఉండాలి. ఇన్సిగ్నియా 2022లో బయటికొచ్చింది, అది లైవ్‌నే మళ్ళీ కట్టినట్టు, ఫ్రెండ్స్ లిస్ట్, మ్యాచ్‌మేకింగ్, పాత మెనూలోంచే లాగిన్. ఫ్రీ. ఏ గేమ్ పని చేస్తుందో వాళ్ళ సైట్‌లో లిస్టు ఉంటుంది, అది చూసుకునే డిస్కులు కొను, ముందే కొని బాధపడకు. ఈబేలో ఎవరో అమ్మే రెడీమేడ్ కీలు గట్రా వద్దు, ప్రతి బాక్స్‌కీ దాని సొంత గుర్తింపు లోపలే ఉంటుంది, నీదే వాడు.

మన దగ్గర ఇంకో చిక్కు, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, పదిళ్ళకి కలిపి ఒకటి. ఆడేవాళ్ళలో ఒకడు హోస్ట్ అయ్యే గేమ్స్ కదా ఇవన్నీ, అలాంటి లైన్ మీద నువ్వు హోస్ట్ అవ్వలేవు, ఒక్కోసారి చేరనూలేవు. ప్రొవైడర్‌కి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడుగు, నెలకి కొంచెం ఎక్కువ తీసుకుంటారు. మొబైల్ హాట్‌స్పాట్ అసలు వద్దు. అమెరికా వాళ్ళతో పింగ్, అంటే సిగ్నల్ వెళ్ళి వచ్చే ఆలస్యం, రెండొందల మిల్లీసెకన్ల పైనే ఉంటుంది, కాబట్టి హేలోలో తలమీద గురి పెట్టే ఆటలు పెట్టుకోకు, క్యాట్ అండ్ మౌస్ కూడా కష్టమే, నెట్టేసరికి కారు ఇంకెక్కడో ఉంటుంది. స్పైస్ వర్సెస్ మెర్క్స్ కొంచెం నయం, అందులో సగం టైమ్ చీకట్లో కదలకుండా కూర్చోవడమే కదా.

మూత తీశాక ఆ కెపాసిటర్ దగ్గర ఫోటో తీసి ఇక్కడే పెట్టు, రివిజన్ ఏదో నేను చెప్తా. నేను శనివారం రాత్రి ఎనిమిదింటికి టెక్సాస్ నుంచి వస్తా, అంటే నీకు ఆదివారం పొద్దున. కాకినాడ ఆయన కూడా వస్తున్నాడు ఈమధ్య, వాళ్ళబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆయన తెలుగువాళ్ళా అండీ అని అడిగితే మాత్రం ఆగకు, పరిగెత్తు.